మూడో మెట్టు మీద ఎడమ చెయ్యి

చర్చి గడియారం మూడున్నర చూపించగానే ఆంబ్రోస్ చబ్ తన రాతికొట్టం తలుపు దగ్గరగా వేసి, టోపీ పెట్టుకుని బయల్దేరేవాడు. నిజానికి కొట్టంలో పనేమీ లేదు. యుద్ధం నుంచి వచ్చి మూడేళ్లవుతున్నా సుత్తి ముట్టింది లేదు. అయినా పొద్దున్నే తలుపు తీయడం, మధ్యాహ్నం వెయ్యడం మాత్రం మానలేదు. తలుపు కూడా తియ్యకపోతే ఊళ్లో తనని రాతిపనివాడని ఎవరంటారని అతని భయం.

"ఎండ ఉందా?" అని వంటింట్లోంచి అడిగేది అతని భార్య కెజయా.

"ఉంది."

"అయితే పద. రొట్టె పొయ్యిలోంచి తీసి నేనూ వస్తా."

చర్చికి దక్షిణాన, సమాధుల మధ్య, రాతి సిలువ ఉంది. నాలుగు మెట్లు, వాటి మీద పీట రాయి, అందులోంచి లేచిన రెండు నిలువుల ఎత్తు స్తంభం. స్తంభానికి తల లేదు. రాజుకీ పార్లమెంటుకీ కొట్లాట జరిగిన రోజుల్లో సిపాయిలు తాళ్లు కట్టి లాగి, తలని కిందపడేసి, ముక్కలు చేసి పోయారు. ఆ ముక్కల్లో ఒకటి ఇప్పటికీ పబ్బు గుమ్మం దగ్గర తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొస్తోంది.

తల పోయింది గాని నీడకి మాత్రం పోలేదు. రెండున్నర వందల ఏళ్లుగా స్తంభం మొండిగానే ఉంది, గడ్డి మీద పడే నీడకి మాత్రం నిక్షేపంలాంటి తల ఉంది. చిన్న గూడులాంటి తల, పైన కోసుగా కప్పు, గూట్లో తల్లి, ఆవిడ చంకలో బిడ్డ. నీడ కనక బయటి గీతే కనిపిస్తుంది, ముఖాలు తెలియవు. ఆ తల నీడ పాదిరిగారి గోడ తాకితే గొర్రెల్ని ఇంటికి మళ్లించేవాళ్లు. అంతకు మించి హజెల్‌కూంబ్ ఊళ్లో ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

తన నీడని కాపాడుకున్న సిలువ, తన దగ్గర కూర్చున్నవాళ్ల నీడనీ కాపాడేది. మెట్ల మీద ఉన్నంతసేపూ ఎవరి నీడైనా నిండుగానే పడుతుంది. సమాధి గోతులు తవ్వే జేబెజ్ తాతకి పసితనంలో ఒక పంది కుడి చెవి కొరికేసింది. ఎండ కాసిన రోజున తాత రెండో మెట్టు మీద నిలబడి, తల అటూ ఇటూ తిప్పి, గడ్డి మీద తన రెండు చెవులూ చూసుకుని, ఆ తర్వాతే పార పట్టేవాడు.

ఆంబ్రోస్ మూడో మెట్టు మీద కూర్చునేవాడు. కోటు ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి పిన్ను పెట్టి ఉండేది. ఎదురుగా గడ్డి మీద మాత్రం రెండు చేతులున్న మనిషి కూర్చుని ఉండేవాడు. ఆంబ్రోస్ మొండి చెయ్యి కాస్త ఎత్తితే గడ్డి మీద అయిదు వేళ్లూ విచ్చుకునేవి. చిటికెన వేలు వంకర. పని నేర్చుకునే రోజుల్లో తండ్రి సుత్తి తగిలి వంగిన వేలది. పోయినదాన్ని ఆ వంకరతో సహా చూపించినందుకు ఆంబ్రోస్‌కి సిలువ మీద ఎంతో గౌరవం.

"దేవుడి దయ, పోయింది ఎడమదే కదా," అనని మనిషి ఊళ్లో లేడు. ఆ మాట వింటే ఆంబ్రోస్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది. రాతిపని తెలిసినవాడెవడూ ఆ మాట అనడు. కుడి చెయ్యి సుత్తి పట్టుకుంటుంది, కొట్టమంటే కొడుతుంది, అంతే. ఉలి పట్టేది ఎడమ చెయ్యి. ఉలి ఎంత వాలాలో, రాయి ఎక్కడ లొంగుతుందో, ఎక్కడ మొండికేస్తుందో తెలిసింది దానికే. ఆరు తరాల చబ్‌ల పనితనమంతా ఆ చేతిలో ఉండేది, అది ఫ్రాన్సులో బురదలో ఉండిపోయింది.

రొట్టె పని కాగానే కెజయా వచ్చి అతని ఎడమ పక్కన కూర్చునేది. అప్పుడు గడ్డి మీద ఎడమ చెయ్యి మెల్లగా చాచుకుని ఆమె నీడ భుజాల చుట్టూ పడేది. నిజం చెయ్యి లేదు కాబట్టి ఆమె భుజానికి ఏమీ తగిలేది కాదు. కెజయా మాత్రం చెయ్యి పడ్డ వైపు శాలువా సర్దుకుని, కాస్త దగ్గరికి జరిగేది. చూసినవాళ్లు చూడనట్టు పోయేవాళ్లు.

పోయిన మనుషుల్ని మాత్రం ఆ సిలువ చూపించదు. యుద్ధానికి వెళ్లిన వాళ్లలో పదకొండుమంది తిరిగి రాలేదు. వాళ్లలో ఇద్దరు రొట్టెల కొట్టు మిసెస్ పాబ్‌జాయ్ కొడుకులే. ఆవిడ ఒక వేసవంతా రోజూ వచ్చి మెట్ల మీద కూర్చుంది. గడ్డి మీద ఆవిడ ఒక్కతే కనిపించింది. చివరి రోజు లేచి వెళ్తూ, "నా ఒంట్లోంచి పోయినవాళ్లే కదయ్యా వాళ్లు కూడా," అంది ఆంబ్రోస్‌తో. ఆంబ్రోస్ టోపీ తీసి పట్టుకున్నాడు.

ఆ పదకొండుమంది పేరున సిలువకి కొత్త తల పెట్టించి, పీట రాయి మీద పేర్లు చెక్కించాలని ఆ చలికాలంలో ఊరు నిర్ణయించుకుంది. ఆంబ్రోస్‌ని ఎవరూ అడగలేదు. అడిగితే బాధపడతాడని అడగలేదు, అడగనందుకు అతను ఇంకా బాధపడ్డాడు. పట్నం నుంచి ఒక శిల్పిని పిలిపించారు. పాత తల ఎలా ఉండేదని ఆయన అడిగితే, "గడ్డి మీద ఉందిగా, కొలుచుకోండి," అన్నాడు జేబెజ్ తాత. ఆయన తీరిగ్గా టీ తాగి, పొద్దు వాలాక వచ్చి, పాదిరిగారి గోడ దాకా సాగిన నీడని టేపు పెట్టి కొలుచుకుపోయాడు. నెల తర్వాత ఆయన పంపిన బొమ్మలో తల తొమ్మిదడుగులుంది.

"నువ్వు చెప్పొద్దటయ్యా, జేబెజ్?" అని నెత్తి పట్టుకున్నారు పాదిరి విలోబీగారు.

"అడగలేదుగా, అయ్యగారూ! నీడ మనిషంత ఉన్న వేళలో కొలవాలని మా ఊరి కోడిపిల్లకి కూడా తెలుసు. పట్నం వాళ్లకి మేమేం చెబుతాం?"

దాంతో మాటా మాటా పెరిగి పట్నం ఆయన పని మానుకున్నాడు. మర్నాడు పాదిరిగారు చబ్‌ల ఇంటికి వచ్చారు. మంచి మనిషి. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే ఆయనకి నోట మాట రాదు. రెండు కప్పుల టీ, మూడు ముక్కల కేకు అయ్యేదాకా నీళ్లు నమిలారు.

"చూడు ఆంబ్రోస్, ఈ ఇల్లూ కొట్టం చర్చివి. చర్చి రాతిపని చేసేవాడు ఉండడానికని నాలుగు వందల ఏళ్ల కిందట రాసిచ్చారు. మూడేళ్లు నేను ఎలాగో నెట్టుకొచ్చాను. ఇక కమిటీ వాళ్లు ఊరుకోవడం లేదు. యోవిల్ నుంచి ఒకతను వస్తానంటున్నాడు. పెళ్లాం పిల్లలున్నవాడు."

"రెండు చేతులున్నవాడు," అన్నాడు ఆంబ్రోస్.

పాదిరిగారు కేకు ముక్కని కప్పులో ముంచారు. "సెప్టెంబరు చివర మైకేల్మస్ పండగ దాకా గడువు తీసుకున్నాను. ఈలోగా తల నీ కొట్టంలోంచే వస్తే ఇంకెవరూ నోరెత్తరు. లేదంటే..."

"లేదంటే బ్రిస్టల్‌లో మా అక్క ఉంది," అంది కెజయా. "సిగరెట్ల ఫ్యాక్టరీలో నాకు పని ఇప్పిస్తానంది. మరి మా ఆయన్ని ఏం చేసుకోను? కిటికీలో పెట్టుకోనా?"

పాదిరిగారు వెళ్లాక కెజయా కప్పులు కడిగింది. తర్వాత చేతులు తుడుచుకుని, "ఉలి నేను పడతా. సుత్తి నువ్వు కొట్టు," అంది.

"నీకేం తెలుసే?"

"ఏమీ తెలియదు. నేర్పు."

మర్నాడు కొట్టంలో ఒక పాత రాతిముక్క మీద మొదలుపెట్టారు. కెజయా ఉలి పట్టుకుంది, ఆంబ్రోస్ సుత్తి ఎత్తాడు.

"కాస్త వాల్చు."

"ఇలాగా?"

"అంత కాదు."

"ఇలాగా?"

"అబ్బబ్బ, అంత కాదన్నానా!"

"మరి ఎంతో చెప్పి చావవయ్యా!"

"చెప్పేదైతే చెప్పనా? మా నాన్న నాకేమైనా చెప్పాడా? నెత్తి మీద మొట్టేవాడు!"

"మొట్టి చూడు, తెలుస్తుంది," అని ఉలి పైకెత్తింది కెజయా.

మూడు రోజుల్లో నాలుగు రాళ్లు పగిలాయి. కెజయా బొటనవేలు నల్లబడింది. నాలుగో రోజు రాత్రి భోజనానికి కూర్చున్నారు. కెజయా చీజు కోస్తూ కోస్తూ ఆగింది.

"మీ నాన్న నోటితో ఏమీ చెప్పలేదన్నావు. చేత్తో చూపించేవాడా?"

"చూపించేవాడు. ఆయన ఉలి పట్టుకునే తీరు చూసి నేర్చుకున్నా."

"అయితే నువ్వూ చెయ్యి చూపించు."

"ఏ చెయ్యి?" అన్నాడు ఆంబ్రోస్ విసుగ్గా.

"మూడో మెట్టు మీదున్నది."

మే నెలలో హామ్ కొండ నుంచి తేనె రంగు రాయి బండి మీద వచ్చింది. దాన్ని కొట్టానికి కాకుండా సిలువ మెట్ల దగ్గరికి దొర్లించారు. పాదిరిగారు కారణం అడగలేదు. బల్ల మీద రాయి నిలబెట్టి, ఆంబ్రోస్ మూడో మెట్టు మీద, ఎండ వీపున పడేలా నిలబడ్డాడు. అతని నీడ రాయి మీద పడింది. కుడి చేతిలో సుత్తి ఉంది. మొండి చెయ్యి ముందుకు చాచాడు. రాయి మీద ఎడమ చేతి నీడ, అక్కడ లేని ఉలిని పట్టుకుంది, మూడేళ్లుగా మరిచిపోయిందేమో అనుకున్నదాన్ని అలవాటుగా, అలవోకగా పట్టుకుంది.

కెజయా ఉలి తీసుకుని, తన ఎడమ చేతిని ఆ నీడ మీద పెట్టింది. నీడ బొటనవేలు ఎక్కడుందో అక్కడ తన బొటనవేలు, నీడ మణికట్టు ఎంత వంగిందో అంతే తన మణికట్టు. నీడ చిటికెన వేలు మాత్రం వంకరగా పక్కకి పోయింది.

"అదేంటి, ఇదీ ఇలాగే వంచాలా?"

"అది మా నాన్న చేసిన పని. దాన్ని వదిలెయ్," అని నవ్వాడు ఆంబ్రోస్. నవ్వి సుత్తి వేశాడు. రాయి పొర చక్కగా, గుండ్రంగా లేచి వచ్చింది. అతను అలాంటి పొర చూసి మూడేళ్లయింది.

ఆ వేసవి అంతా ఊరు ఆకాశం వంక చూస్తూ గడిపింది. వానల సీమ సోమర్సెట్‌లో ఎండని నమ్ముకుని పని పెట్టుకున్నవాళ్లు వీళ్లు తప్ప ఇంకెవరూ ఉండరు. మబ్బు పడితే కెజయా ఉలి దించేసేది. వాన వస్తే ఇద్దరూ రాయి మీద గోనె కప్పి చర్చి వసారాలో కూర్చుని రొట్టె తినేవాళ్లు. మిట్టమధ్యాహ్నం నీడ చెయ్యి పసివాడి చెయ్యంత అయ్యేది, సాయంత్రమైతే వేళ్లు జానెడేసి సాగేవి. నీడ మనిషంత ఉండే ఆ గంటన్నరే పని. గోధుమలు కోసే వాళ్లు కూడా మబ్బు వస్తుంటే, "అటు పో, కెజయా పనిలో ఉంది!" అని ఆకాశానికి కేకలేసేవాళ్లు.

జూలైలో గూటి కప్పు పూర్తయింది. ఆగస్టులో తల్లి భుజాలు, తల మీద ముసుగు తేలాయి. కెజయా చేతులు మొరటుదేలాయి, గోళ్ల సందుల్లో తేనె రంగు దుమ్ము పోయేదే కాదు. రాత్రి నిద్దట్లో కూడా ఆమె ఎడమ చెయ్యి దుప్పటి అంచుని ఉలి పట్టినట్టు పట్టుకునేది. ఆంబ్రోస్ అది చూసి, చాలాసేపు మేలుకుని ఉండేవాడు.

ఆగస్టు చివర ఒక సాయంత్రం కెజయా ఇంటికి వెళ్లాక జేబెజ్ తాత పార భుజాన వేసుకుని వచ్చి రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బాగా కుదిరిందిరా. మీ నాన్న చూసుంటే నిన్ను మొట్టేవాడు కాదు."

"మొట్టేవాడే. అలవాటు."

తాత రెండో మెట్టెక్కి గడ్డి మీద చెవులు చూసుకున్నాడు. "ఒక మాట అడుగుతా. ఈ సిలువకి తల పోయింది కాబట్టి, పోవడమంటే ఏమిటో దానికి తెలుసు. అందుకే మన నీడలు పట్టుకొచ్చి మనకిస్తోంది. తల వచ్చేశాక దానికి మనతో ఏం పని?"

ఆంబ్రోస్ రాయి మీద గోనె కప్పాడు. తాత కిందికి దిగి, "నాదేముందిలే, చెవే కదా," అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఆంబ్రోస్ పని మందగించింది. ఒకరోజు సుత్తి పిడి వదులైందన్నాడు. ఒకరోజు నడుం పట్టేసిందన్నాడు. ఎండ నిక్షేపంలా కాస్తుంటే, మబ్బొచ్చేలా ఉందన్నాడు. మూడున్నరకి మాత్రం మెట్టు మీద కూర్చుని, వేళ్లు విప్పి, ముడిచి, మళ్లీ విప్పి చూసుకునేవాడు. బ్రిస్టల్‌లో కిటికీ దగ్గర కూర్చున్నా ఈ చెయ్యి ఉండదు. ఇక్కడ తల నిలబెట్టినా ఉండదు. ఇల్లు దక్కాలంటే రెండోసారి చెయ్యి పోగొట్టుకోవాలి, అదీ తన కుడి చేత్తో సుత్తి వేసి మరీ. మొదటిసారి పోయినప్పుడు కనీసం తనని ఎవరూ అడగలేదు.

కెజయా వారం రోజులు చూసి, యాపిల్ సైడర్ కూజా తీసుకుని జేబెజ్ తాత దగ్గరికి వెళ్లింది. అడిగితే చెప్పని గుణం తాతకి లేదు. తిరిగొచ్చేసరికి ఆంబ్రోస్ మెట్టు మీదే ఉన్నాడు. ఎడమ పక్కన కూర్చుంది. గడ్డి మీద చెయ్యి వచ్చి ఆమె నీడ భుజాల చుట్టూ పడింది.

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"ఏమని చెప్పను? నీడ కోసం ఇల్లు వదులుకుందామని చెప్పనా? నవ్వుతారు."

"ఎవరు నవ్వుతారు? ఈ చెయ్యి నీ ఒక్కడిదే అనుకుంటున్నావా? మూడేళ్లుగా రోజూ వచ్చి దీని కింద కూర్చుంటున్నా. నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చిన ఏడాది నాతో రెండు మాటలు మాట్లాడలేదు. మంచం మీద అటు తిరిగి పడుకునేవాడివి. ఈ చెయ్యి ఒక్కటే నా దగ్గరికి వచ్చేది. అది లేకపోతే అప్పుడే మా అక్క దగ్గరికి పోయేదాన్ని."

ఆంబ్రోస్‌కి ఈ సంగతి తెలియదు. తెలియనందుకు సిగ్గేసింది.

"తల పెట్టొద్దు," అంది కెజయా. "యోవిల్ అతన్ని రానీ. అతనే ఎప్పుడో చెక్కుకుని పెట్టుకుంటాడు. మనం బ్రిస్టల్ పోదాం. ఆదివారం ఆదివారం రైలెక్కి వచ్చి ఇక్కడ కూర్చుందాం, ఆ తల నిలబెట్టేదాకా. నేను సిగరెట్లు చుడతాను."

"నువ్వు సిగరెట్లు చుడతావా, ఈ చేతుల్తో?"

"ఏం, నా చేతులకేమైంది?"

ఆంబ్రోస్ ఆమె చేతుల వంక చూశాడు.

సెప్టెంబరు మూడో వారం. బిడ్డ ముఖం ఒక్కటే మిగిలింది. పని ఆపేద్దామన్న కెజయాయే, సగం ముఖంతో బిడ్డని వదిలి వెళ్లడానికి మనసొప్పక, ఆ ఒక్కటీ పూర్తి చేసి పోదామంది. చలికాలం దగ్గరపడి ఎండ ఏటవాలైంది. నీడ చెయ్యి ఏ వేళలో చూసినా సాగిపోయి, వేళ్లు సన్నగా, పొడుగ్గా పడుతున్నాయి. పైగా పాత తల ముఖం నీడలో ఏనాడూ లేదు. ఎవరూ చూడని ముఖం అది.

కెజయా సన్న ఉలి తీసుకుంది. ఆంబ్రోస్ సుత్తి మెల్లగా, గింజ పగలగొట్టినంత మెల్లగా వేస్తున్నాడు. బిడ్డ నుదురు వచ్చింది. ఒక బుగ్గ వచ్చింది. ఆమె నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తోంది. అప్పుడు కొండ మీంచి పెద్ద మబ్బు వచ్చి ఎండని మింగేసింది. సిలువ నీడ పోయింది, తల నీడ పోయింది, రాయి మీద చెయ్యి నీడా పోయింది.

ఆంబ్రోస్ సుత్తి ఆపబోయాడు. కెజయా ఉలి దించలేదు. మబ్బు వచ్చిన సంగతే ఆమెకి తెలియదు.

"ఊఁ, కొట్టు," అంది తల ఎత్తకుండా.

కొట్టాడు. ఉలి కొంచెం వాలింది. అతను ఎంత వాల్చేవాడో అంతే వాలింది. రెండో బుగ్గ దగ్గర రాయిలో గట్టి నరం ఒకటి అడ్డం వచ్చింది. ఉలి దాని మీద ఆగి, తడిమి, పక్కనుంచి తిరిగి వెళ్లింది. అలా తిరగాలని ఆంబ్రోస్ ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ చెప్పలేరు కూడా. గంటసేపు మబ్బు కదల్లేదు. గంటసేపు అతను సుత్తి వేస్తూనే ఉన్నాడు. కళ్లు మసకేస్తే భుజానికి తుడుచుకున్నాడు.

ఎండ మళ్లీ వచ్చేసరికి గూట్లోంచి ఒక బిడ్డ చూస్తున్నాడు. ముక్కు కాస్త చప్పిడి, కిందిపెదవి అలిగినట్టు ముందుకొచ్చింది. రొట్టెలబుట్టతో అటుగా వెళ్తున్న మిసెస్ పాబ్‌జాయ్ ఆగింది. బుట్ట కింద పెట్టింది. చాలాసేపు చూసింది.

"మా డేనియల్ పాలు మాన్పించినప్పుడు ఇలాగే ముఖం పెట్టేవాడు," అంది. రాతి బుగ్గని వేలితో ముట్టుకుంది. "ఎప్పుడు పైకెక్కిస్తారమ్మా వీణ్ని?"

కెజయా ఆంబ్రోస్ వంక చూసింది. ఎక్కించడం లేదని ఆవిడ ముఖం మీద చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"మైకేల్మస్ పండగ రోజున," అన్నాడు ఆంబ్రోస్.

"ఏమయ్యా..." అంది కెజయా.

"మైకేల్మస్ రోజునే. జేబెజ్ తాతకి చెప్పు, కప్పీ, తాళ్లు కావాలి."

పండగ ముందురోజు మూడున్నరకి ఇద్దరూ మూడో మెట్టు మీద కూర్చున్నారు. గడ్డి మీద చెయ్యి ఆమె భుజాల చుట్టూ పడింది. పొద్దు పూర్తిగా పోయేదాకా లేవలేదు. నీడ సాగి సాగి, ఆ చెయ్యి పాదిరిగారి గోడ దాకా వెళ్లింది. ఇంటికి వచ్చి బాతు గుడ్లు వేయించుకుని తిన్నారు.

మైకేల్మస్ నాడు మబ్బుగానే తెల్లారింది. ఊరంతా వచ్చింది. మూడు దూలాలు నిలబెట్టి, కప్పీ కట్టి, ఎనిమిదిమంది తాడు పట్టుకున్నారు. తల ఊగుతూ పైకి లేచింది. ఆంబ్రోస్ నిచ్చెన మీద నిలబడి, ఒంటి చేత్తోనే దాన్ని తిప్పి, స్తంభం కొసన నాటిన ఇనుప కడ్డీ మీదికి దింపాడు. తల కదలకుండా సీసం కరిగించి పోశారు. పాదిరిగారు ప్రార్థన చదివారు, మధ్యలో ఒకసారి కళ్లజోడు తుడుచుకున్నారు. అంతా అయ్యాక మబ్బు విడిపోయి, ఎండ వచ్చింది.

సిలువ నీడ గడ్డి మీద పడింది. స్తంభం, దాని మీద గూడు, గూట్లో తల్లి, బిడ్డ. పైన ఎలా ఉందో కింద అలాగే ఉంది. ఇక తేడా ఏమీ లేదు.

జేబెజ్ తాత రెండో మెట్టెక్కి తల అటూ ఇటూ తిప్పాడు. గడ్డి మీద ఒక్కటే చెవి కనిపించింది. "పోనీలే," అన్నాడు. "డెబ్భై ఏళ్లు ఈ ఊరి మాటలు వినడానికి ఒక్క చెవే ఎక్కువైంది." అని నవ్వాడు గాని, ఇంకోసారి తిప్పి చూసుకున్నాడు.

ఆంబ్రోస్ మూడో మెట్టు మీదికి వెళ్లి నిలబడ్డాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. గడ్డి మీద ఒంటిచేతి మనిషి ఉన్నాడు. మోచేతి దగ్గర మడిచిన కోటు, పిన్ను, అంతే. మొండి చెయ్యి ఎత్తాడు. వేళ్లు విచ్చుకోలేదు. తనే ఒప్పుకుని చేసిన పనే కదా అనుకుంటూ మొండి చెయ్యి దించాడు.

కెజయా వచ్చి ఎడమ పక్కన నిలబడింది. ఎడమ చేత్తో శాలువా సర్దుకుంది. ఆంబ్రోస్ మళ్లీ గడ్డి వంక చూశాడు.

"కెజయా. చెయ్యి ఎత్తు."

"ఏ చెయ్యి?"

"ఎడమది. వేళ్లు విప్పు."

ఎత్తింది. ఎండలో ఆమె చెయ్యి ఆమె చెయ్యిలాగే ఉంది. పొట్టి వేళ్లు, నల్లబడ్డ గోరు, తిన్నని చిటికెన వేలు. గడ్డి మీద మాత్రం ఆ చెయ్యి పెద్దగా, ఎముకలు తేలి ఉంది, చిటికెన వేలు వంకర తిరిగి ఉంది. ఆమె వేళ్లు ముడిస్తే అది ముడిచింది. విప్పితే విప్పింది. ఊరివాళ్లు కొందరు చూశారు. చూసి, సైడర్ పీపా దగ్గరికి నడిచారు.

కెజయా చాలాసేపు గడ్డి వంక చూసి, ఆ చేతిని ఆంబ్రోస్ నడుం చుట్టూ వేసింది. ఈసారి అది అతనికి తగిలింది. బరువుగా, వెచ్చగా తగిలింది. నలుగురిలో ఉన్నానన్న సంగతి మరిచి ఆంబ్రోస్ ఏడ్చేశాడు.

పాదిరిగారు ఇల్లూ కొట్టం సంగతి ఆ సాయంత్రమే కాగితం మీద రాసిచ్చారు. 'ఆంబ్రోస్ చబ్' అని రాసి, కాసేపు ఆలోచించి, పక్కనే 'కెజయా చబ్' అని కూడా చేర్చారు. చర్చికి రాతిపని చేసేవాళ్ల కాగితాల్లో ఒక ఆడమనిషి పేరు ఎక్కడం అదే మొదలు. కమిటీలో ఒకరిద్దరు గొణిగితే, తల తొమ్మిదడుగులు కావాలా, మూడడుగులు కావాలా అని అడిగారాయన.

సోమవారం పొద్దున ఇద్దరూ పీట రాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. పేర్లు చెక్కాలి. మబ్బు పట్టి ఉంది, సన్నగా చినుకులు కూడా పడుతున్నాయి. అయినా ఇప్పుడు ఎండ కోసం ఆగాల్సిన పని లేదు. మిసెస్ పాబ్‌జాయ్ గొడుగు పట్టుకుని వెనక నిలబడింది. మొదటి పేరు డేనియల్‌ది. కెజయా ఉలి ఆనించింది. ఆంబ్రోస్ సుత్తి ఎత్తాడు.

"చూసి కొట్టు," అంది కెజయా. "మళ్లీ నా వేలు నల్లబడుతుంది."

"చూసే కొడతానులే," అన్నాడు ఆంబ్రోస్. "అది నా చెయ్యే."